బ్యాటరీ రెసిప్రొకేటింగ్ సాతో కొమ్మ కోయాలన్నా, పైపు కోయాలన్నా ముందుగా తెలియవలసినవి

మీ బావగారు అమెరికా నుంచి తెచ్చిన బ్యాటరీ రెసిప్రొకేటింగ్ సాతో, అంటే బ్లేడు ముందుకూ వెనక్కూ కదులుతూ కోసే రంపంతో, రెండు పనులు చేయాలనుకుంటున్నట్టు రాశారు. గాలివానకు సగం విరిగి ప్రహరీ గోడ మీద వాలిన వేప కొమ్మను కోయడం ఒకటి, స్నానాల గదిలో తుప్పు పట్టిన పాత జి.ఐ. పైపును (జింకు పూత వేసిన ఇనుప పైపును) తీసివేయడం రెండవది. ఏ బ్లేడు వేయాలి, ఎలా పట్టుకోవాలి, యంత్రం ఎక్కువ కాలం మన్నాలంటే ఏమి చేయాలి అని అడిగారు. విశాఖపట్నంలో పాత ఇళ్ల మరమ్మతులు, కూల్చివేత పనులు ఇరవై రెండేళ్లుగా చేయిస్తున్నాను. ఈ రంపాన్ని స్వయంగా వాడిన అనుభవమూ ఉంది కనుక కొంత వివరంగానే చెబుతాను.

అన్నిటికంటే ముందు ఛార్జరు సంగతి చూడండి. దాన్ని ఇంకా గోడ ప్లగ్గులో పెట్టకపోతే దయచేసి పెట్టకండి. అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు 120 వోల్టులు, మనకు వచ్చేది 230 వోల్టులు. సెల్‌ఫోన్ ఛార్జర్లు సాధారణంగా రెండు చోట్లా పనిచేస్తాయి కాని, పవర్ టూల్ ఛార్జర్లన్నీ అలా పనిచేయవు. ఛార్జరు అడుగున ఉన్న పట్టీ మీద 100-240 అని ఉంటే పిన్ మార్చే అడాప్టరు చాలు. 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టిన క్షణంలోనే అది కాలిపోవచ్చు, మంటలు కూడా రావచ్చు. పిన్ అడాప్టరు వోల్టేజీని తగ్గించదని చాలామందికి తెలియక బంధువులు ప్రేమతో తెచ్చిన యంత్రాలను మొదటి రోజే పాడుచేసుకున్న ఇళ్లు నాకు తెలుసు. అటువంటప్పుడు ఛార్జరు వాట్లకు కనీసం రెట్టింపు సామర్థ్యం గల, వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వాడాలి. లేదా అదే కంపెనీ మన దేశంలో అమ్మే 230 వోల్టుల ఛార్జరు మీ బ్యాటరీ నమూనాకు సరిపోతుందని దుకాణంలో నిర్ధారించుకొని కొనుక్కోవాలి. నేనైతే రెండవదే మేలంటాను. బ్యాటరీ మీద 20 వోల్టులని ఉన్నా కంగారు పడనక్కరలేదు. లోపల వరుసగా కలిపిన ఐదు లిథియం సెల్స్ నిండుగా ఛార్జయినప్పటి కొలతను అమెరికాలో అలా ముద్రిస్తారు, అదే బ్యాటరీని మిగతా చోట్ల 18 వోల్టులని వ్యవహరిస్తారు.

ఇక రంపం విషయానికి వస్తాను. మన దుకాణాల్లో దీన్ని సేబర్ సా అని కూడా అంటారు. లోపలి మోటారు గుండ్రంగా తిరుగుతుంది, గేరు పెట్టె ఆ తిరుగుడును ముందుకు వెనకకు కదిలే ఊపుగా మారుస్తుంది. పెద్ద నమూనాల్లో ఒక్కొక్క ఊపు 28 నుంచి 32 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, నిమిషానికి 3000 ఊపుల వరకు సాగుతుంది. అంటే సెకనుకు యాభై సార్లు బ్లేడు వెళ్లి వస్తుందన్నమాట. ఎక్కువ బ్లేడ్ల పళ్లు ముందుకు తోసేటప్పుడు కాక వెనక్కు లాగేటప్పుడు కోస్తాయి. ఈ యంత్రం భద్రత అంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది కనుక దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. బ్లేడు చుట్టూ ముందువైపు ఒక లోహపు పలక ఉంటుంది, దాన్ని షూ అంటారు. షూను కోయవలసిన వస్తువుకు గట్టిగా ఆనించి ఉంచితే, బ్లేడు లాగిన ప్రతిసారీ వస్తువూ షూ ఒకదానినొకటి అదుముకుంటాయి, ఆ బలమంతా కోతకే వెళుతుంది. షూకూ వస్తువుకూ మధ్య రెండు వేళ్ల ఎడం ఉన్నా, బ్లేడు పళ్లు వస్తువును పట్టుకొని యంత్రాన్నే ముందుకూ వెనక్కూ ఊపేస్తాయి. చేతులు అదిరిపోతాయి, బ్లేడు వంగుతుంది, ఒక్కొక్కప్పుడు విరిగి ఎగురుతుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఈ రంపం చేతికి వచ్చిన కొత్తలో ఒక పాత మేడలో, రెండు గోడలు కలిసే మూలలో దిగిన నీటి పైపును కోస్తున్నాను. చోటు ఇరుకుగా ఉండడంతో షూ ఆనలేదు, అయినా నాలుగు క్షణాల పనే కదా అని ట్రిగ్గర్ నొక్కాను. బ్లేడు కొన పైపును దాటి పక్క గోడను పొడిచింది. యంత్రం వెనక్కు తన్నింది, నా కుడిచేతి కణుపులు ఇటుకకు కొట్టుకొని చిట్లాయి, విరిగిన బ్లేడు ముక్క కళ్లద్దం మీద గీత పెట్టి కింద పడింది. ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకోకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి ఇప్పటికీ మనసొప్పదు. ఆ గీత పడిన కళ్లద్దాలను పనివాళ్లకు చూపించడానికి దాచి ఉంచాను. ఆ రోజు నేను చేసిన తప్పులు రెండు. షూ ఆనించకపోవడం మొదటిది, బ్లేడు కొన ఎక్కడిదాకా వెళుతుందో ముందుగా కొలుచుకోకపోవడం రెండవది.

కాబట్టి ఏ పనికైనా, బ్యాటరీ తీసి ఉన్న రంపాన్ని కోయబోయే చోట ఆనించి చూడండి. బ్లేడు పూర్తిగా ముందుకు వచ్చినప్పుడు దాని కొన వస్తువు అవతల ఖాళీలోనే ఉండాలి, గోడకో మరో కొమ్మకో తగలకూడదు. పూర్తిగా వెనక్కు వచ్చినప్పుడు కూడా కొన వస్తువు లోపలికి జారిపోకూడదు. జారిపోతే తిరిగి ముందుకు వచ్చేటప్పుడు కోత లోపలి అంచును పొడుస్తుంది. పది సెంటీమీటర్ల లావున్న మీ వేప కొమ్మకు 9 అంగుళాల బ్లేడు, పైపుకు 6 అంగుళాల బ్లేడు సరిపోతాయి. అవసరానికి మించి పొడవైన బ్లేడు తోకలా ఊగుతుంది, కోత వంకరపోతుంది.

పళ్ల లెక్క బ్లేడు మీదే ముద్రించి ఉంటుంది, దాన్ని అంగుళానికి ఎన్ని పళ్లు అని చదువుకోవాలి. పచ్చి కొమ్మకు 5 లేదా 6 పళ్ల బ్లేడు వేయాలి. పళ్ల మధ్య సందు పెద్దదైతేనే తడి పొట్టు బయటికి వస్తుంది. మేకులు దిగి ఉన్న పాత దూలాలకు, ద్వారబంధాలకు 6 నుంచి 10 పళ్లవి, మందపాటి ఇనుప యాంగిల్‌కు 14, జి.ఐ. పైపుకు 18, పలుచని రేకుకు 24 తగినవి. వస్తువును ఏ క్షణంలోనైనా కనీసం మూడు పళ్లు తాకుతూ ఉండాలన్నది సాధారణ సూత్రం. అంతకంటే తక్కువ తాకితే అంచు పళ్ల మధ్య ఇరుక్కొని పన్ను ఊడిపోతుంది. వీలైతే బైమెటల్ అని రాసి ఉన్నవే కొనండి. వాటి పళ్లు హైస్పీడ్ స్టీలుతో, వెన్ను వంగే గుణమున్న ఉక్కుతో చేసి ఉంటాయి కనుక వంగినా వెంటనే విరగవు. కాస్ట్ ఐరన్ డ్రైనేజీ పైపులకు, స్టెయిన్‌లెస్ స్టీలుకు మాత్రం ఉక్కు కంటే గట్టిదైన కార్బైడ్ పళ్లవి కావాలి. కొబ్బరి మాను, తాటి మాను కోయవలసి వస్తే ఒక బ్లేడు అదనంగా దగ్గర ఉంచుకోండి. అవి పదును త్వరగా తీసేస్తాయి.

బ్లేడు మార్చే ముందు బ్యాటరీ తీసివేయండి. ట్రిగ్గర్‌కు లాక్ ఉంది కదా అని దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. వేసిన తరువాత ఒకసారి గట్టిగా లాగి చూడండి, రాకపోతేనే లాక్ పడినట్టు. కోసిన వెంటనే బ్లేడును ఒట్టి చేత్తో పట్టుకోకండి, ఇనుము కోసిన బ్లేడు చర్మం కాల్చేంత వేడిగా ఉంటుంది.

వేప కొమ్మ గురించి మీరు రాసిన దాన్ని బట్టి అది చిన్న పనిలా కనిపిస్తున్నా, నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద విరుచుకుపడిన తరువాత వీధుల్లో అడ్డంగా పడిన చెట్లను రోజుల తరబడి గొడ్డళ్లతో, చేతి రంపాలతో తొలగించాం. నిలబడి ఉన్న చెట్టు కంటే పడిన చెట్టే ప్రమాదమని అప్పుడే తెలిసింది. వంగి ఉన్న కొమ్మ లాగిపట్టిన వింటిబద్ద లాంటిది, ఏ వైపు సాగి ఉందో తెలియకుండా కోస్తే బద్ద తన్నినట్టే తన్నుతుంది. మీ కొమ్మ ఒక చివర మాను మీద, మరొక చివర ప్రహరీ మీద ఆని ఉంది. అంటే మధ్యలో దాని పైభాగం ఒత్తిడికి లోనై ఉంటుంది, అడుగు భాగం సాగి ఉంటుంది. అలాంటి కొమ్మను పైనుంచే చివరిదాకా కోయబోతే సగంలో కోత మూసుకుపోయి బ్లేడును బిగించేస్తుంది. పైనుంచి మూడో వంతు మాత్రమే కోసి ఆపండి, మిగిలింది కింది నుంచి పైకి కోయండి. ఒకే చివర మానుకు అంటి గాలిలో వేలాడుతున్న కొమ్మకు ఇది తలకిందులవుతుంది. దాని పైభాగం సాగి ఉంటుంది కనుక ముందు అడుగున మూడో వంతు గాటు పెట్టాలి, తరువాత దానికి కొద్దిగా బయటివైపు పైనుంచి కోయాలి. లేకపోతే కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడును నిలువునా చీల్చుకొని పోతుంది.

మొదట చిన్న రెమ్మలన్నీ చివర నుంచి తీసివేసి బరువు తగ్గించండి. కోసే చోటుకు రెండు పక్కలా ఊతకర్రలు పెట్టండి. మీరు కొమ్మ కింద కాక పక్కన, కాళ్లు ఎడంగా పెట్టి, పక్కకు తప్పుకోవడానికి దారి ఉంచుకొని నిలబడాలి. రంపాన్ని ఎప్పుడూ రెండు చేతులతోనే పట్టుకోవాలి. ఒక చేత్తో కొమ్మను, మరొక చేత్తో రంపాన్ని పట్టుకోవడం ఎంతమాత్రం తగదు. భుజాల కంటే పైకి ఎత్తి కోయడం, నిచ్చెన మీద నిలబడి కోయడం కూడా వద్దు. విరిగిన చోటు మీ భుజం కంటే ఎత్తులో ఉంటే చెట్లు కొట్టే పని తెలిసినవారిని పిలవండి, ఆ కూలి దండగ కాదు. కొమ్మ కరెంటు తీగను తాకుతున్నా, తాకేంత దగ్గరలో ఉన్నా రంపాన్ని బయటికే తీయకండి. విద్యుత్ ఫిర్యాదుల సంఖ్య 1912కు ఫోను చేసి, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా ఆగండి.

బ్లేడు కొమ్మలో బిగుసుకుంటే ట్రిగ్గర్ నొక్కుతూ ఊపి లాగవద్దు. ట్రిగ్గర్ వదిలి, కదలిక పూర్తిగా ఆగాక బ్యాటరీ తీసి, కోతలో చెక్క మేకు దిగగొడితే సందు తెరుచుకుంటుంది, బ్లేడు సులువుగా వస్తుంది.

పైపు విషయంలో ప్రమాదం గోడ లోపల దాగి ఉంటుంది. బ్యాటరీ యంత్రానికి వైరు లేదు కదా, షాకు కొట్టదు కదా అనుకోవడం చాలా పెద్ద పొరపాటు. బ్లేడు గోడలోని వైరును తెంపితే బ్లేడుకూ షూకూ కరెంటు వస్తుంది. అందుకే పట్టుకోవడానికి ఇచ్చిన రబ్బరు, ప్లాస్టిక్ భాగాల మీదే చేతులు ఉండాలి. పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. అంతటితో సరిపెట్టుకోకుండా ఇన్వర్టరును కూడా ఆపండి, మేడ మీద సోలార్ పలకలుంటే వాటినీ వేరు చేయించండి. మెయిన్ ఆపిన మరుక్షణం ఇన్వర్టరు లైట్ల వైర్లకు 230 వోల్టులు అందిస్తుందన్న సంగతి మరచి, నా దగ్గర పనిచేసే కుర్రవాడు ఒకడు స్నానాల గది గోడలో బ్లేడు దింపి దూరంగా పడ్డాడు. రబ్బరు పట్టు మీద చేతులుండడం వల్ల బతికాడు. స్విచ్ బోర్డుకు నిలువుగా పైనా కిందా వైర్లు పోతాయని మొదటే అనుకోవాలి, గీజరు దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మేడ మీది ట్యాంకు వాల్వు కట్టి, మోటారు ఆపి, కింది కుళాయి తిప్పి పైపులో నీరంతా పోనివ్వండి. వంటగ్యాసు పైపు ఆ గోడలోనే వస్తుంటే ఆ పని మీరు ముట్టుకోకండి.

పైపును గోడకు బిగించిన క్లాంపులను ముందుగా ఊడదీయవద్దు. వదులుగా ఊగే పైపు బ్లేడుతో పాటే ఊగుతుంది, కోత పడదు. క్లాంపుకు దగ్గరగా, షూ ఆనించి, తక్కువ వేగంతో మొదలుపెట్టి గాడి పడ్డాక కొద్దిగా పెంచండి. చెక్కకు ఎక్కువ వేగం, ఇనుముకు మధ్యస్థ వేగం, స్టెయిన్‌లెస్‌కు ఇంకా తక్కువ వేగం ఉండాలి. ఇనుము మీద వేగం పెంచితే పని త్వరగా కాదు, పళ్లు నీలం రంగుకు తిరిగి పదును చచ్చిపోతుంది. కోత చోట రెండు చుక్కల కటింగ్ ఆయిల్ వేస్తే బ్లేడు రెట్టింపు పని చేస్తుందని నా అనుభవం. యంత్రాన్ని బలంగా నెట్టనవసరం లేదు, యంత్రం బరువుకు కాస్త ఒత్తిడి చేర్చితే చాలు.

ఒక్క వస్తువును మాత్రం ఈ రంపంతో కోయవద్దని వేడుకుంటున్నాను. మన ఊళ్లలో వసారాల మీద, పశువుల కొట్టాల మీద కనిపించే పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రంపంతో కోస్తే దాని పీచు కంటికి కనిపించనంత సన్నని దుమ్ముగా లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. దానివల్ల వచ్చే క్యాన్సరు చాలా ఏళ్ల తరువాత బయటపడుతుంది కనుక ఆ రోజు ఏమీ కాలేదనిపిస్తుంది. బోల్టులు విప్పి రేకును పగలకుండా, తడిపి, మొత్తంగా దించాలి.

దుస్తుల విషయం క్లుప్తంగా చెబుతాను. లుంగీ, మెడలో తువాలు, వేలాడే చున్నీ, రబ్బరు చెప్పులు పనికిరావు. పక్కలు మూసిన కళ్లద్దాలు, కాలివేళ్లు కప్పే బూట్లు, చేతికి బిగువుగా అతికే తోలు గ్లవ్స్, చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.

అదురు గురించి దాదాపు ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. ఐరోపా సమాఖ్య 2002లో చేసిన నిబంధన ప్రకారం, ఎనిమిది గంటల పనిదినం మీద లెక్కగట్టిన చేతి అదురు సెకను వర్గానికి 2.5 మీటర్లు చేరితే యజమాని నివారణ చర్యలు మొదలుపెట్టాలి, 5 మీటర్లు మించనే కూడదు. మీ యంత్రం పుస్తకంలో అదురు 15 అని ఉందనుకుంటే, ట్రిగ్గర్ నొక్కి ఉంచిన సమయం పదమూడు నిమిషాలయ్యేసరికి మొదటి గీత, యాభై మూడు నిమిషాలకు రెండవ గీత దాటుతారు. అదే 20 అయితే ఏడున్నర నిమిషాలు, ముప్పై నిమిషాలు మాత్రమే. ఏళ్ల తరబడి మించితే వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. మీలా ఎప్పుడో ఒకసారి వాడేవారికి భయం లేదు, కాని రోజంతా ఇదే పని చేసే మనిషిని పెట్టుకున్నప్పుడు మధ్యలో మరో పని ఇచ్చి చేతులకు విశ్రాంతి ఇవ్వడం మన బాధ్యత. మొద్దుబారిన బ్లేడు అదురును పెంచుతుంది, బ్లేడు ఖర్చు దగ్గర పిసినారితనం చూపవద్దనడానికి అదొక కారణం.

ఇక సంరక్షణ. పని అయిన ప్రతిసారీ బ్యాటరీ తీసి, మెత్తని బ్రష్షుతో గాలి రంధ్రాల్లోని పొట్టును, బ్లేడు బిగించే చోట చేరిన రజనును దులపండి. బ్లేడు లాక్ సరిగా తిరగడం లేదని నా దగ్గరికి తెచ్చే యంత్రాల్లో ఎక్కువ వాటికి వచ్చిన జబ్బు ఆ రజనే. విరిగిన బ్లేడు ముక్క లోపల ఉండిపోతే మూతిని కిందికి వంచి, లాక్ తిప్పి పట్టి, సన్నని మరో బ్లేడు కొనతో బయటికి లాగవచ్చు. ప్లాస్టిక్ ఒంటిని కొద్దిగా తడిపిన గుడ్డతో మాత్రమే తుడవండి. పెట్రోలు, థిన్నరు ప్లాస్టిక్‌ను బీటలు వారుస్తాయి. బ్లేడుకు అంటిన వేప జిగురును, మామిడి సొనను మాత్రం బ్లేడును విడిగా తీసి కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక పలుచగా నూనె రాయవచ్చు. మా సముద్రపు గాలికి ఆ నూనె పూత లేకపోతే వారానికే తుప్పు కనిపిస్తుంది. గేరు పెట్టెలో గ్రీజు ఫ్యాక్టరీలోనే నింపి ఉంటుంది, విప్పకండి. మూతి నుంచి గ్రీజు కారుతున్నా, లోపల టకటకమని శబ్దం వస్తున్నా సర్వీసు కేంద్రానికి ఇవ్వండి. బ్రష్‌లెస్ అని రాసి లేకపోతే మోటారులో కార్బన్ బ్రష్షులుంటాయి. అవి అరిగితే రెండూ కలిపే మార్చాలి.

బ్యాటరీకి పెద్ద శత్రువు ఎండ. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం మూసి ఉన్న కారులో, రేకుల షెడ్డులో దాన్ని వదిలితే దాని ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. ఎక్కువ కంపెనీలు దాదాపు 5 నుంచి 40 డిగ్రీల మధ్యనే ఛార్జింగ్ పెట్టమంటాయి కనుక వేసవిలో తెల్లవారుజామునో రాత్రో పెట్టుకోండి. పని ముగిసిన వెంటనే వేడి బ్యాటరీని ఛార్జరు మీద పెట్టకుండా అరగంట ఆరనివ్వండి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జితో, నీడపట్టున, యంత్రం నుంచి విడదీసి ఉంచండి. మేకులు, తాళాలు ఉన్న సంచిలో పడేస్తే బ్యాటరీకి ఉన్న రెండు లోహపు కొనలు (టెర్మినళ్లు) వాటి ద్వారా కలిసి షార్ట్ కావచ్చు. ఉబ్బినది, పగిలినది, నీటిలో మునిగినది ఛార్జి చేయకండి, చెత్తబుట్టలో వేయకండి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఛార్జింగ్ మంచం మీద, పరుపు పక్కన కాక నేల మీదో రాతి పలక మీదో, మీరు మెలకువగా ఉన్న సమయంలో పెట్టండి.

చివరగా, మీ రెండు పనులకు 9 అంగుళాల 5 పళ్ల కొమ్మల బ్లేడ్లు రెండు, 6 అంగుళాల 18 పళ్ల బైమెటల్ బ్లేడ్లు మూడు కొనుక్కుంటే సరిపోతాయి. షూను ముందుకు జరిపే వీలుంటే, పళ్లు దగ్గరి భాగంలో అరిగాక షూను జరిపి మిగతా పదునును వాడుకోవచ్చు. పాత బ్లేడ్లను కాగితంలో చుట్టి టేపు వేసి పారవేయండి, చెత్త ఏరేవారి చేతులు కోసుకోకుండా ఉంటాయి.